సాహసాల ఛానల్‌.. పర్మిషన్‌ దారిలో కొలువులు!

2022 ఏప్రిల్‌ 4. అనకాపల్లి జిల్లా కేంద్రమైన రోజు. అదే రోజు ఢిల్లీలో కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ‘బ్రాడ్‌కాస్ట్‌ సేవ’ పోర్టల్‌ను ప్రారంభించింది. టీవీ ఛానల్‌ పెట్టాలనుకునే కంపెనీలు ఫైళ్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరక్కుండా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవడానికి తెచ్చిన ఏర్పాటు ఇది.

ఈ రెండింటికీ సంబంధం ఏమిటంటారా? మామూలుగా అయితే ఏమీ లేదు. కానీ మీరు డిగ్రీ ఫైనలియర్‌లో ఉండి, ఫోన్‌లో సర్ఫింగ్, పారాగ్లైడింగ్, డర్ట్‌ బైక్‌ వీడియోలు చూస్తూ ‘ఇవే చూపించే తెలుగు ఛానల్‌ ఒకటి ఉంటే ఎంత బాగుంటుంది.. మనమే పెడితే?’ అని ఒక్కసారైనా అనుకున్నవాళ్లయితే సంబంధం ఉంది.

ఛానల్‌ పెట్టడం ఇప్పటికిప్పుడు మీ వల్ల కాకపోవచ్చు. కానీ అనుమతి ఎలా వస్తుందో తెలుసుకుంటే మాత్రం రెండు లాభాలు. ఆ దారిలో ప్రతి మెట్టు దగ్గరా ఓ ఉద్యోగం కనిపిస్తుంది. ‘మా ఛానల్‌లో ఉద్యోగం ఇస్తాం, డబ్బు కట్టు’ అనేవాళ్లలో అసలెవరో నకిలీ ఎవరో మీరే తేల్చుకోగలుగుతారు.

సాహసాలకు వేరే లైసెన్స్‌ ఉందా?

మాటల్లో ‘లైసెన్స్‌’ అంటాం కానీ మన దేశంలో శాటిలైట్‌ ఛానల్‌కు ఇచ్చేది ‘పర్మిషన్‌’. కార్యక్రమాలను ఇక్కడి నుంచి ఉపగ్రహానికి పంపడానికి అప్‌లింకింగ్‌ అనుమతి, వాటిని దేశంలో అందుకుని ఇళ్లకు చేర్చడానికి డౌన్‌లింకింగ్‌ అనుమతి కావాలి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2022 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు.

వాటి ప్రకారం ఛానళ్లు రెండే రకాలు. ఒకటి న్యూస్, రెండోది నాన్‌-న్యూస్‌. సినిమాలైనా, భక్తి అయినా, వంటలైనా, బంగీ జంపింగ్‌ అయినా అన్నీ నాన్‌-న్యూస్‌ కిందికే వస్తాయి. సాహస క్రీడలకని ప్రత్యేక లైసెన్స్‌ ఏదీ లేదు.

కెనడాలో ఒకప్పుడు పద్ధతి వేరుగా ఉండేది. అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ 2000లో పెద్ద సంఖ్యలో ‘స్పెషాలిటీ’ డిజిటల్‌ ఛానళ్లకు అనుమతులిచ్చింది. ఫలానా అంశం మీదే కార్యక్రమాలు ఉండాలని లైసెన్స్‌లోనే షరతు పెట్టేవారు. ఎక్స్‌ట్రీమ్‌ స్పోర్ట్స్‌ పేరుతో అక్కడ ఓ ఛానల్‌ 2001లో మొదలైంది. మన దగ్గర ఆ గిరి గీయరు. ట్రాయ్‌ నిబంధనల కోసం ‘స్పోర్ట్స్‌’ విభాగమని ప్రకటించుకుంటే సరిపోతుంది. గిరి లేకపోవడం వల్ల స్వేచ్ఛ ఉంటుంది. అయితే ‘ఈ అంశం మీదే’ అనే రక్షణ కూడా ఉండదు. రేపు ఏ పెద్ద స్పోర్ట్స్‌ ఛానల్‌ అయినా రాత్రి తొమ్మిదింటికి అవే సాహసాలు చూపించవచ్చు.

మూడు మెట్లు.. మూడు ఖర్చులు

ప్రసారం అనగానే నేరుగా శాటిలైట్‌కు ఎగిరిపోనక్కర్లేదు. మెట్లు మూడున్నాయి.

మొదటిది యూట్యూబ్‌. ఇక్కడ క్రీడలు, సాహసాలు చూపించడానికి ప్రసార శాఖ పర్మిషన్‌ అవసరం లేదు. వార్తలు చెప్పడం మొదలుపెడితే మాత్రం 2021 నాటి ఐటీ నియమాలు వర్తిస్తాయి. ఈ మెట్టును తక్కువగా చూడకండి. 2012 అక్టోబరు 14న ఫెలిక్స్‌ బామ్‌గార్ట్‌నర్‌ సుమారు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకుతుంటే యూట్యూబ్‌లో ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూశారు. ఆ సాహసానికి డబ్బు పెట్టింది టీవీ ఛానల్‌ కాదు, ఓ ఎనర్జీ డ్రింక్‌ కంపెనీ.

రెండోది మీ వీధిలోని కేబుల్‌. జిల్లాల్లో కేబుల్‌లో మాత్రమే వచ్చే లోకల్‌ ఛానళ్లను చట్టం ‘ప్లాట్‌ఫామ్‌ సర్వీస్‌’ అంటుంది. వీటికి 2022 నవంబరు 30న మార్గదర్శకాలు వచ్చాయి. వీటిని నడిపేది రిజిస్ట్రేషన్‌ ఉన్న ఎంఎస్‌ఓ, అంటే పెద్ద కేబుల్‌ నెట్‌వర్క్‌ కంపెనీ. ఒక్కో ఛానల్‌కు ఒకేసారి కట్టే ఫీజు రూ.1,000. ఆ నెట్‌వర్క్‌ మోసే మొత్తం ఛానళ్లలో ఇలాంటివి 5 శాతం దాటకూడదు. వారానికి అరగంట ‘మన జిల్లా సాహసాలు’ కార్యక్రమం చేసి లోకల్‌ ఛానల్‌కు ఇవ్వడం కాలేజీ కుర్రాళ్ల చేతిలో ఉన్న పనే.

మూడోది శాటిలైట్‌ ఛానల్‌. అసలు బరువంతా ఇక్కడే.

శాటిలైట్‌ ఛానల్‌కు ఏం కావాలి?

వ్యక్తులకు పర్మిషన్‌ ఇవ్వరు. కంపెనీ గానీ ఎల్‌ఎల్‌పీ గానీ అయ్యుండాలి. నాన్‌-న్యూస్‌లో మొదటి ఛానల్‌కు కంపెనీ నెట్‌వర్త్‌ కనీసం రూ.5 కోట్లు, ఆపై ఒక్కో ఛానల్‌కు మరో రూ.2.5 కోట్లు చూపించాలి. న్యూస్‌ ఛానల్‌కైతే మొదటిదానికే రూ.20 కోట్లు. నెట్‌వర్త్‌ అంటే బ్యాంకులో ఉన్న క్యాష్‌ అనుకోకండి. సింపుల్‌గా చెప్పాలంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేయగా మిగిలేది.

ప్రభుత్వానికి కట్టే ఫీజు చూస్తే ఆశ్చర్యపోతారు. మన దేశం నుంచే అప్‌లింక్‌ చేసే ఛానల్‌కు ఏడాదికి అప్‌లింకింగ్‌ కింద రూ.2 లక్షలు, డౌన్‌లింకింగ్‌ కింద రూ.5 లక్షలు. కోట్ల వ్యాపారంలో ఇది చిన్న మొత్తమే. అసలు పని పరిశీలనలది. డైరెక్టర్ల గురించి కేంద్ర హోం శాఖ భద్రతా క్లియరెన్స్‌ ఇవ్వాలి. ఉపగ్రహం విషయం అంతరిక్ష విభాగం చూస్తుంది. ఫ్రీక్వెన్సీ సంగతి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ చూస్తుంది. అన్నీ కుదిరితే పర్మిషన్‌ పదేళ్లకు వస్తుంది.

సొంతంగా డిష్‌లు, టెలిపోర్ట్‌ కట్టుకోవాల్సిన పని లేదు. అనుమతి ఉన్న టెలిపోర్ట్‌ను అద్దెకు తీసుకోవచ్చు. లైవ్‌ విషయంలోనూ 2022 మార్గదర్శకాలు కాస్త వెసులుబాటు ఇచ్చాయి. నాన్‌-న్యూస్‌ ఛానల్‌ ఏదైనా ఈవెంట్‌ను లైవ్‌ ఇవ్వాలంటే ఇదివరకు ముందస్తు అనుమతి కావాలి. ఇప్పుడు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే చాలు.

పర్మిషన్‌ వచ్చాకే అసలు పరీక్ష

పర్మిషన్‌ వచ్చినంత మాత్రాన ఛానల్‌ ఇంటికి రాదు. డీటీహెచ్‌లు, ఎంఎస్‌ఓలు తమ జాబితాలో పెట్టుకోవాలి. కొత్త ఛానల్‌ను పెట్టుకున్నందుకు వాళ్లు అడిగేది ‘క్యారేజ్‌ ఫీజు’. ఇక క్రీడల ఛానల్‌ అయితే ప్రసార హక్కులు కొనాలి. ప్రకటనలు రావాలంటే బార్క్‌ రేటింగుల్లో కనపడాలి. ఆ ప్రకటనలైనా గంటకు 12 నిమిషాలు మించకూడదని కేబుల్‌ టీవీ నిబంధనలు చెబుతున్నాయి.

దీనికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. గుర్రప్పందేలు, గోల్ఫ్, సైక్లింగ్, మోటార్‌ స్పోర్ట్స్‌ లాంటివి చూపిస్తామంటూ డిస్కవరీ 2017 ఫిబ్రవరిలో ‘డీస్పోర్ట్‌’ మొదలుపెట్టింది. మూడేళ్లు తిరక్కముందే డిస్కవరీ యూరోస్పోర్ట్‌ వైపు మళ్లింది. డీస్పోర్ట్‌ ‘1స్పోర్ట్స్‌’గా పేరు మార్చుకుంది. అంత పెద్ద సంస్థకే ప్రత్యేక క్రీడల ఛానల్‌ నల్లేరు మీద నడక కాలేదు.

తెలుగులో 2018 డిసెంబరులో స్టార్‌ స్పోర్ట్స్‌ 1 తెలుగు మొదలైంది. 2021లో తమిళం, తెలుగు కలిపి సోనీ టెన్‌ 4 వచ్చింది. రెండూ వచ్చింది పెద్ద నెట్‌వర్క్‌ల నుంచే. అంటే సాహస క్రీడల తెలుగు ప్రసారం రేపు వచ్చినా, ముందు ఇలాంటి ఛానళ్లలో ఓ కార్యక్రమంగానో, ఓటీటీలో ఓ విభాగంగానో వచ్చే అవకాశమే ఎక్కువ. సర్ఫింగ్, స్కేట్‌బోర్డింగ్, స్పోర్ట్‌ క్లైంబింగ్‌ టోక్యో క్రీడలతో ఒలింపిక్స్‌లోకి వచ్చేశాయి కాబట్టి వాటి గురించి తెలుగులో చెప్పేవాళ్ల అవసరం ఇప్పటికే ఉంది. కాబట్టి ‘ఛానల్‌ ఓనర్‌’ కంటే ‘ఛానల్‌కు కావాల్సిన మనిషి’ కావడం మీద దృష్టి పెట్టండి.

ఏ డిగ్రీకి ఏ కొలువు?

పైన చెప్పిన మెట్లనే మళ్లీ చూద్దాం. ఈసారి ఉద్యోగాల కోసం.

*బీకాం, లా:* దరఖాస్తు, నెట్‌వర్త్‌ సర్టిఫికెట్, డైరెక్టర్ల మార్పులు, ఏటా ఫీజులు.. ఇవన్నీ కంప్లయన్స్‌ టీమ్‌ పని. బీకాంతో పాటు కంపెనీ సెక్రటరీ కోర్సు చేస్తున్నవారికి ఇది చక్కగా సరిపోతుంది. ఇంటర్‌ తర్వాత సీఎస్‌ఈఈటీ రాసి ఆ దారిలోకి వెళ్లొచ్చు. డిగ్రీ అయ్యాక లాసెట్‌ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసినవారికి ప్రసార హక్కుల ఒప్పందాలు రాసే పని ఉంటుంది.

*ఈసీఈ, డిప్లొమా:* టెలిపోర్ట్, ప్లేఅవుట్, మాస్టర్‌ కంట్రోల్‌ రూమ్‌. ఇవి ఛానల్‌కు గుండెకాయ లాంటివి. ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమం రికార్డింగ్‌ను 90 రోజులు భద్రపరచాలన్న నిబంధన ఉంది. ఆ ఆర్కైవ్‌ చూసేవాళ్లు కూడా కావాలి. సాఫ్ట్‌వేర్‌ తప్ప మరేదీ కనపడని ఈసీఈ విద్యార్థులు ఓసారి ఇటు చూడండి. ప్రసార శాఖ కింద పనిచేసే ప్రభుత్వ సంస్థ బెసిల్, ప్రసార భారతి ఇచ్చే నోటిఫికేషన్లు గమనిస్తుండండి. వీటిలో చాలావరకు కాంట్రాక్టు పోస్టులే ఉంటాయన్నది గుర్తుంచుకోండి.

*బీబీఏ, ఎంబీఏ:* డీటీహెచ్, ఎంఎస్‌ఓలతో మాట్లాడి ఛానల్‌ను జాబితాలో పెట్టించే డిస్ట్రిబ్యూషన్, ప్రకటనలు తెచ్చే యాడ్‌ సేల్స్‌. జిల్లాల్లో తిరగగలిగే, కేబుల్‌ ఆపరేటర్‌తో మన యాసలో మాట్లాడగలిగే మనిషికి ఇక్కడ విలువ ఎక్కువ. బెల్లం మార్కెట్‌లో బేరం చూస్తూ పెరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు!

*బీఏ, తెలుగు:* కామెంటరీ, స్క్రిప్ట్, సబ్‌టైటిల్స్, డబ్బింగ్‌. ‘బారెల్‌’, ‘బెలే’, ‘థర్మల్‌’ లాంటి మాటలను అర్థమయ్యే తెలుగులో చెప్పగలరా? అలా చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం, మాస్‌ కమ్యూనికేషన్‌ పీజీ ఉంది. అనకాపల్లి నుంచి రోజూ వెళ్లి రాగలిగిన దూరమే.

*స్టాండర్డ్స్‌ అండ్‌ ప్రాక్టీసెస్‌:* ఏ డిగ్రీ వారైనా రావచ్చు. ప్రతి కార్యక్రమాన్నీ ప్రసారానికి ముందే చూసి ప్రోగ్రామ్‌ కోడ్‌కు విరుద్ధంగా ఉన్నవాటిని ఆపే పని ఇది. 2021 జూన్‌లో కేబుల్‌ టీవీ నియమాలను సవరించి ఫిర్యాదులకు మూడంచెల ఏర్పాటు చేశారు. ప్రేక్షకుడు ఫిర్యాదు చేస్తే ముందు ఛానలే 15 రోజుల్లో తేల్చాలి. అందుకు ఛానల్‌లో ఓ అధికారి ఉండాల్సిందే.

*ఫీల్డ్‌ పని:* కెమెరా పట్టుకుని కొండెక్కేవాళ్లు, సముద్రంలోకి దిగేవాళ్లు. కెమెరా నేర్పే చోట్లు చాలా ఉన్నాయి. కొండ ఎక్కడం నేర్చుకున్న కెమెరామెన్‌ తక్కువ. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లోని హిమాలయన్‌ మౌంటెనీరింగ్‌ ఇన్‌స్టిట్యూట్, అరుణాచల్‌లోని దిరాంగ్‌లో ఉన్న నిమాస్, గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ.. ఇవి ప్రభుత్వ ఆధ్వర్యంలోని శిక్షణ సంస్థలు. మన రాష్ట్రంలో గండికోటలో సాహస క్రీడల అకాడమీ ఉంది.

డ్రోన్‌తో వృత్తిగా పనిచేయాలంటే 2021 డ్రోన్‌ నియమాల ప్రకారం రిమోట్‌ పైలట్‌ సర్టిఫికెట్‌ తీసుకోండి. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి, డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. ఇక్కడో హెచ్చరిక. విశాఖలో తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఉంది. మన జిల్లాలోని రాంబిల్లి తీరంలోనూ నౌకాదళ స్థావరం పనులు నడుస్తున్నాయి. డిజిటల్‌ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడకుండా డ్రోన్‌ ఎగరేస్తే వీడియో సంగతి అటుంచి కేసు మీద పడుతుంది.

సాహసం వేరు.. తెగింపు వేరు

ఈ మాట మనకంటే బాగా తెలిసినవాళ్లు ఉండరు. 2022 జూలై నెలాఖరులో పరీక్షలయ్యాక సరదాగా పూడిమడక తీరానికి వెళ్లిన అనకాపల్లి ఇంజినీరింగ్‌ విద్యార్థులు అలల్లో గల్లంతై ప్రాణాలు కోల్పోయారు. వాళ్లు సాహస క్రీడ ఆడలేదు. స్నానానికి దిగారు. అంతే.

సాహస క్రీడలను చూపించేవాళ్లు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. అల మీద తేలుతున్న సర్ఫర్‌ను పది సెకన్లు చూపిస్తాం. అతని కాలికి కట్టిన తాడు, ఒడ్డున ఉన్న లైఫ్‌గార్డ్, అల తీరు చూసుకుంటూ గడిపిన గంట వీడియోలో ఉండవు. చూసేవాడికి సముద్రం సులువుగా కనిపిస్తుంది. అందుకే పిల్లల భద్రతకు ముప్పు తెచ్చే ప్రకటనలు ఉండకూడదని అడ్వర్టైజింగ్‌ కోడ్‌ చెబుతోంది. తెర మీద ‘నిపుణుల పర్యవేక్షణలో చేసింది, అనుకరించవద్దు’ అని కనిపించే చిన్న అక్షరాల వెనక ఉన్నదీ ఆ బాధ్యతే.

మీరు రేపు యూట్యూబ్‌కే తీసినా, కేబుల్‌కే ఇచ్చినా ఆ గంటను కూడా చూపించండి. తాడు ఎలా కట్టారో, ఎందుకు ఆ రోజు నీళ్లలోకి దిగలేదో చెప్పండి. ఇంటర్వ్యూలో ‘మీ వీడియో ఏది?’ అని అడిగితే ధైర్యంగా చూపించగలిగేది అదే.

డబ్బు కట్టమంటే.. ఆగండి

కొత్త ఛానల్‌ వస్తోందని, జిల్లా రిపోర్టర్‌ పోస్టు ఉందని, ఐడీ కార్డుకూ లోగో మైకుకూ ఇంత కట్టాలని ఎవరైనా అంటే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ఛానల్‌ శాటిలైట్‌దా, కేబుల్‌దా, యూట్యూబ్‌దా? మూడూ తప్పు కాదు. ఒకటి చెప్పి ఇంకొకటి చూపిస్తే తప్పు.

2. శాటిలైట్‌ అంటే, పర్మిషన్‌ ఏ కంపెనీ పేరు మీద ఉంది? అనుమతి ఉన్న ఛానళ్ల జాబితాను ప్రసార శాఖ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఛానల్‌ పేరు, కంపెనీ పేరు రెండూ అందులో ఉన్నాయేమో చూడండి. ‘అప్లై చేశాం, వచ్చేస్తుంది’ అన్నది పర్మిషన్‌ కాదు.

3. పర్మిషన్‌ న్యూస్‌కా, నాన్‌-న్యూస్‌కా? నాన్‌-న్యూస్‌ పర్మిషన్‌తో వార్తలు నడపడానికి లేదు. అలాంటి చోట మీకిచ్చే ‘రిపోర్టర్‌’ కార్డుకు విలువేముంటుంది?

4. ఆఫర్‌ లెటర్‌పై సంతకం పెట్టేది ఎవరు, జీతం ఎంత, పీఎఫ్‌ ఉందా? ఉద్యోగమంటే కంపెనీ మీకు డబ్బివ్వాలి. మీరు కంపెనీకి ఇచ్చేది ఉద్యోగం అనిపించుకోదు.

ఈ నాలుగూ చూడటానికి అరగంట పడుతుంది. ఇంట్లోవాళ్లు కూడబెట్టిన డబ్బు కంటే ఆ అరగంట ఎక్కువేం కాదు కదా.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

నలుగురు కలవండి. ఒకరు బీకాం, ఒకరు ఈసీఈ, ఒకరు తెలుగు, ఒకరు కెమెరా పిచ్చి ఉన్నవారైతే మరీ మంచిది. బ్రాడ్‌కాస్ట్‌ సేవ పోర్టల్, ప్రసార శాఖ వెబ్‌సైట్‌ తెరిచి 2022 మార్గదర్శకాలు ఒకసారి చదవండి. అర్థం కాని చోట గుర్తు పెట్టుకుని లెక్చరర్‌ను అడగండి. ఫీజులు, షరతులు మారుతుంటాయి కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్లే ముందు మళ్లీ చూసుకోండి. ఉన్నట్టే ఊహించుకుని ఓ సాహసాల ఛానల్‌కు రెండు పేజీల ప్రాజెక్టు రిపోర్టు రాయండి. ఎవరు చూస్తారు, ఏం చూపిస్తాం, హక్కులు ఎక్కడ కొంటాం, క్యారేజ్‌కు ఎంత, భద్రత ఎవరు చూస్తారు? రెజ్యూమెలో ‘హాబీస్‌: స్పోర్ట్స్‌’ అని రాసేకంటే ఆ రెండు పేజీలు ఎంతో నయం.

ఆ తర్వాత ఒక ఎనిమిది నిమిషాల వీడియో తీయండి. రుషికొండలో సర్ఫింగ్‌ నేర్చుకుంటున్న వాళ్ల గురించైనా, పూడిమడకలో తెల్లారకముందే అలలు దాటి వేటకెళ్లే మత్స్యకారుల గురించైనా.

కథలు మన దగ్గర లేకపోలేదు. 2014 మే 25న 13 ఏళ్ల మాలావత్‌ పూర్ణ ఎవరెస్ట్‌ ఎక్కింది. నిజామాబాద్‌ ప్రాంతపు గిరిజన పిల్ల. ఆ కథను 2017లో హిందీలో రాహుల్‌ బోస్‌ సినిమాగా తీశారు. ఎక్కింది మన అమ్మాయి, సినిమా తీసింది వేరే భాషలో. వచ్చేసారి ఆ కథ తెలుగులో చెప్పే పని మీది కావచ్చు. ఛానల్‌ ఎవరిదైనా సరే.